ఆర్ అంటే పారిపోయాడని నేనే చెప్పాను

పాత పుస్తకాల మధ్య ఉద్యోగమంటే మహా హాయి అని మీలో కొందరు అనుకుంటున్నారట. మొన్న లైబ్రరీ సైన్సు చదువుతున్న ఒక అమ్మాయి ఫోన్ చేసి, "అంకుల్, మీది ఎంత పీస్‌ఫుల్ జాబో కదా" అంది. అవునమ్మా అన్నాను. ఇరవై ఏళ్ళ పైచిలుకు సర్వీసులో పుస్తకాలు నన్ను ఒక్క మాటా అనలేదు. అన్నవాళ్ళంతా మనుషులే. వాళ్ళలో నేను తిరిగి ఒక్క మాట కూడా అనలేకపోయిన మనిషి ఒకావిడ ఉంది. మీరు ఈ కొలువులోకి వచ్చేముందు ఆవిడ సంగతి తెలుసుకుంటే మంచిది. నాకు ఎవరూ ముందు చెప్పలేదు.

నేను కాకినాడ వైపు వాణ్ణి. పదిహేనేళ్ళు నౌకాదళంలో రాతకోతల శాఖలో పనిచేశాను. అంటే ఓడ ఎక్కినా సముద్రం కన్నా టైపు మిషన్నే ఎక్కువగా చూశాను. అక్కడి నుంచి బయటికొచ్చాక ఢిల్లీలో ఒక గ్రంథాలయంలో కుదిరాను. ఓడల మీద, సముద్రయానం మీద పాత పుస్తకాలు, పటాలు, చేతిరాత రికార్డులు సేకరించి దాచడం దాని పని. సముద్రపు గాలి కూడా తగలని ఊళ్ళో దాన్ని ఎందుకు పెట్టారని అడగకండి. పెట్టినవాళ్ళు ఢిల్లీలో ఉండేవాళ్ళు, అంతే.

మా డైరెక్టరు రిటైరైన అధికారి. అందరం సాబ్ అనేవాళ్ళం. సాబ్‌కి పాత పుస్తకాలంటే ప్రాణం. చదవడం కాదు, కొనడం. బంగారు అంచు, తోలు అట్ట కనబడితే ఆయన కళ్ళు చెమర్చేవి. పుస్తకం తెరిచి ముక్కు దగ్గర పెట్టుకుని గాఢంగా పీల్చి, "ఎయిటీన్త్ సెంచురీ" అని తేల్చేవారు. ఒకసారి అలా తేల్చిన పుస్తకం అచ్చయిన సంవత్సరం నేను లోపల చూశాను. సాబ్ కన్నా రెండేళ్ళు చిన్నది. చెప్పలేదు. ఉద్యోగం కదా.

ఇంకో మనిషి మా బైండింగు ఉస్తాద్. పాత ఢిల్లీ ఆయన, తాతల నాటి నుంచి పుస్తకాలు కుట్టే కుటుంబం. చిరిగిన కాగితాన్ని ఆయన పట్టుకునే తీరు చూస్తే జ్వరం వచ్చిన పిల్లను ఎత్తుకున్నట్టుండేది. మొత్తం భవనంలో కాగితాల గురించి నిజంగా తెలిసినవాడు ఆయనొక్కడే. అందుకే ఆయన్ని ఏ సమావేశానికీ పిలిచేవాళ్ళు కాదు.

దర్యాగంజ్‌లో పాత పుస్తకాలమ్మే ఒక వ్యాపారి దగ్గర సాబ్ ఒకసారి పటాల పుస్తకాలు కొంటే, వాటితో పాటు పొడుగాటి రిజిస్టరు ఒకటి వచ్చింది. బంగారు అంచు లేదు కాబట్టి సాబ్ దాన్ని నా బల్ల మీదికి తోసేశారు. విప్పి చూస్తే, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మన తీరంలో తిరిగిన ఒక చిన్న ఓడ సిబ్బంది పట్టీ. ఎవరు ఎప్పుడు ఎక్కారు, ఎప్పుడు దిగారు, ఎందుకు దిగారు, అన్నీ వరుసగా గడుల్లో రాసి ఉన్నాయి. చివరి గడిలో కారణం ఇంగ్లీషు పొడి అక్షరాల్లో ఉంటుంది. డి అంటే మామూలుగా దిగిపోయాడు. రెండు డీలంటే చనిపోయాడు. ఆర్ అంటే రన్, ఓడ వదిలి పారిపోయాడు.

ఈ అక్షరాల అర్థం మా ఆఫీసులో నా ఒక్కడికే తెలుసు. ఆ సంగతి అందరికీ తెలిసేలా నేను జాగ్రత్తపడేవాణ్ణి.

రెండేళ్ళ తర్వాత సాబ్ ఒక ప్రదర్శన పెట్టాలన్నారు. రిజిస్టరు తిరగేస్తుంటే నాకొక పేజీ దొరికింది. ఒకే రోజు, ఒకే రేవులో, నలుగురి పేర్ల ఎదురుగా ఆర్, ఆర్, ఆర్, ఆర్. సాబ్ దగ్గరికి పరుగెత్తుకెళ్ళి చూపించాను.

"నలుగురు! ఒకే రోజు!" సాబ్ కుర్చీలోంచి లేచారు. "అరే భాయ్, ఇదీ డ్రామా అంటే! పబ్లిక్‌కి ఇలాంటిది కావాలి."

ఆ పేజీ తెరిచి అద్దాల పెట్టెలో పెట్టాం. పక్కన కార్డు నేనే రాశాను. "నలుగురు పారిపోయిన రోజు" అని శీర్షిక, కింద నలుగురి పేర్లూ ఇంటిపేర్లతో సహా. ఆర్ అంటే ఏమిటో ప్రత్యేకంగా ఒక వాక్యం. నా పరిజ్ఞానం జనానికి తెలియాలి కదా. ప్రదర్శన మీద ఒక పుస్తకం కూడా అచ్చుకి వెళ్ళింది. అందులో ఈ నలుగురికి ఒక అధ్యాయమే కేటాయించారు సాబ్.

ఒక శనివారం ద్వారక నుంచి ఒక తెలుగు చర్చి వాళ్ళు బస్సు మాట్లాడుకుని ప్రదర్శనకి వచ్చారు. తెలుగువాళ్ళు కదా అని నన్ను గైడుగా పంపారు. అద్దాల పెట్టె దగ్గర అందరూ ముందుకు కదిలినా ఒకావిడ కదల్లేదు. డెబ్భై ఉంటాయి. తెల్ల చీర, భుజాన చేతిసంచి. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని కార్డు చదివింది.

"ఈ కార్డు ఎవరు రాశారండి?"

"నేనేనండి" అన్నాను, మెచ్చుకుంటుందనుకుని.

"ఈ మూడో పేరు మా నాన్నగారిదండి. ఆయన పారిపోలేదండి."

నేను నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నాకు గుర్తుంది. గుర్తుండకపోతే బావుండేది. "అమ్మగారూ, అదే పేరు ఇంకొకరికి ఉండొచ్చు" అన్నాను.

"ఇంటిపేరూ అదే. ఊరూ అదే, ఇదిగో రాసుంది కదండీ. ఆయన్ని జ్వరంతో ఓడలోంచి దింపేశారండి. తేరుకుని ఇంటికి చేరేసరికి ఊళ్ళో పారిపోయాడని పుకారు. చచ్చిపోయేదాకా ఆ మాట పడ్డారు. ఇప్పుడు మీరు దాన్ని అద్దంలో పెట్టారు."

చర్చివాళ్ళు వెనక్కి తిరిగి చూస్తున్నారు. నేను గొంతు సవరించుకుని, ఆఫీసు గొంతుతో అన్నాను: "ఇంట్లో చెప్పుకునేవి వేరు అమ్మగారూ. రికార్డు రికార్డే."

ఆవిడ సంచి భుజాన సర్దుకుంది. వెళ్ళిపోయింది.

సోమవారం మళ్ళీ వచ్చింది, ఒక్కతే, మెట్రోలో. నలభై ఏళ్ళు ఢిల్లీ ఆసుపత్రుల్లో నర్సుగా చేసి రిటైరైందట. సంచిలోంచి ఒక నోటుపుస్తకం తీసింది. గోధుమ రంగు అట్ట, లోపల పెన్సిలుతో తెలుగు రాత. ఆసుపత్రిలో పడుకుని వాళ్ళ నాన్న రాసుకున్నదట.

దాన్ని మా సంస్థ పరిశీలనకు తీసుకోవాలంటే ఒక పద్ధతి ఉంది. ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ధ్రువీకరించిన అనువాదం ఉండాలి. అనువాదకుడు మా జాబితాలో ఉన్నవాడై ఉండాలి. జాబితాలో పోర్చుగీసుకి ఒకరు, డచ్చికి ఒకరు ఉన్నారు. తెలుగుకి లేరు.

"మీకు తెలుగు వచ్చు కదండీ" అంది ఆవిడ.

"వచ్చండి. కానీ నేను జాబితాలో లేను."

"అంటే మీరు చదివితే చదివినట్టు కాదా?"

ఆవిడ నోటుపుస్తకం జెరాక్సు కాగితాలు నా బల్ల మీద పెట్టింది. "ఆఫీసుకి కాదండి, మీకు. తీరిక దొరికితే చూడండి. పారిపోయినవాడు ఇలా రాసుకుంటాడేమో మీరే చెప్పండి." లేచి, "వందనాలు" అని వెళ్ళిపోయింది.

సరోజినీ నగర్ క్వార్టర్లో ఆ సాయంత్రం టీ తాగుతూ కాగితాలు ముందేసుకున్నాను. తప్పులు పట్టుకుందామనే కూర్చున్నాను, దాచనెందుకు. మొదటి పేజీలోనే ఉంది. "మమ్మల్ని నలుగురిని పడవలో ఒడ్డుకు చేర్చినారు. నాకు జ్వరము. తక్కిన ఇద్దరికి కూడా జ్వరమే. వంటవానికి కాలు విరిగి యున్నది, వానిని మోసికొని వచ్చినారు." తేదీ వేసుకున్నాడు. రెండో పేజీలో, "మన ఓడ వెళ్ళిపోయినదని నర్సమ్మ చెప్పినది. నా పెట్టె అందులోనే యున్నది." ఆ తర్వాత పేజీల నిండా ఆ నర్సమ్మ సంగతులే. జావ ఎలా తాగించింది, ఏ పాట పాడింది, కాలు విరిగిన వంటవాణ్ణి ఎలా తిట్టింది.

టీ చల్లారిపోయింది. తేదీ నాకు బాగా గుర్తు. నేను కార్డు మీద రాసిన తేదీయే. ఆయన రాసుకున్న నలుగురి పేర్లూ నా కార్డు మీదివే. అందులో ఒకడు వంటవాడు. నా కార్డు ప్రకారం కాలు విరిగిన వంటవాడు కూడా పారిపోయాడు.

మర్నాడు పెట్టెలోంచి రిజిస్టరు తీసి ఉస్తాద్ గదికి పట్టుకెళ్ళాను. పేజీ చూపించి, "ఇక్కడ ఆర్ తర్వాత ఏమైనా ఉందా?" అన్నాను.

ఉస్తాద్ రిజిస్టరు వైపు చూడలేదు. నా వైపు చూశాడు.

ఇక్కడ మీకు ముందే చెప్పాల్సిన సంగతి ఒకటుంది. సిగ్గుపడి దాటేశాను. రిజిస్టరు కొత్తగా వచ్చినప్పుడు దాని అంచులు పొడిపొడిగా రాలుతుండేవి. అలాంటి వాటికి అక్షరం కనిపించేంత పల్చటి కాగితం అతికిస్తారు. దాన్ని కొనమని పెట్టిన ఇండెంటు ఎక్కడో ఆగిపోయింది. తనిఖీ వారంలో ఉంది. ఉన్న మందపాటి కాగితమే పట్టీలుగా కోసి అంటించేయమని ఉస్తాద్‌ని తొందరపెట్టింది నేనే. "చివర అక్షరాలుంటే మూసుకుపోతాయి భయ్యా" అన్నాడాయన. "చివర ఏముంటుంది ఉస్తాద్, ఖాళీయే" అన్నాను, చూడకుండానే. తనిఖీలో మాకు మంచి మాట వచ్చింది. అంచులు చాలా నీటుగా ఉన్నాయన్నారు.

ఉస్తాద్ ఏమీ దెప్పలేదు. పేజీని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. పట్టీ వెనక నుంచి, ప్రతి ఆర్ పక్కనా, నీడలా ఇంకో రెండు అక్షరాలు కనిపించాయి. ఎన్, హెచ్. నలుగురికీ.

ఆర్.ఎన్.హెచ్. రాయల్ నేవల్ హాస్పిటల్. ఓడల ఉద్యోగం చేసిన ఎవడికైనా తెలిసే ముక్క. నాకూ తెలుసు. కానీ నేను నా చేత్తో సగం మూయించేసి, మిగిలిన సగానికి అర్థం చెప్పి, కింద నా పాండిత్యం ప్రదర్శించాను.

సాబ్ దగ్గరికెళ్ళి మొత్తం చెప్పాను, పట్టీ కథతో సహా. సాబ్ చాలాసేపు పైకప్పు చూశారు. ఎల్లుండే పుస్తకావిష్కరణ. ముఖ్య అతిథిగా తొంభైకి దగ్గరపడిన ఒక పెద్ద మాజీ అధికారి వస్తున్నారు. పుస్తకాలు అచ్చై, కట్టలు విప్పి, రిబ్బన్లు కూడా కట్టేశారు.

"చూడు భాయ్, నీడలో అక్షరాలు కనిపించాయంటే నేనేం చేయను? ఫైల్ పెట్టు. ఫంక్షన్ అయ్యాక కమిటీ చూస్తుంది."

"సాబ్, ఆవిడ తండ్రి పేరు..."

"డెబ్భై ఐదేళ్ళుగా పారిపోయే ఉన్నాడు కదా. ఇంకో నెల ఉంటే ఏమవుతుంది? ఠీక్ హై?"

ఠీక్ హై సాబ్ అన్నాను. ఇన్నేళ్ళ సర్వీసులో ఎన్నిసార్లు అని ఉంటానో. ఫైల్ కూడా పెట్టాను. ఆ కమిటీ ఎప్పుడైనా కూర్చుందేమో నాకు తెలియదు, నేనైతే చూడలేదు.

ఆవిష్కరణ రోజు పొద్దున్నే ఉస్తాద్ గదిలోకి రిజిస్టరు తీసుకెళ్ళాను. "ఆ పట్టీ ఊడదీయగలవా?"

"సాబ్ ఆర్డరు ఉందా?"

"లేదు."

"మరి?"

"తప్పు నాది ఉస్తాద్."

ఆయన తల ఊపి, అద్దుడు కాగితం తడిపి పట్టీ మీద పరిచాడు. నాకు భయం వేసింది. పాత సిరా అలుక్కుపోతేనో? జిగురు పట్టేసి కాగితం చిరిగితేనో? ఆ మాటే అడిగాను.

"మైదా జిగురు భయ్యా, తడిస్తే వదులుతుంది" అన్నాడు. "తొందరలో ఉన్నవాళ్ళు పని చెబితే నేనెప్పుడూ మైదా జిగురే వాడతాను. ఊడదీయమని మళ్ళీ వాళ్ళే వస్తారని తెలుసు."

అరగంట పట్టింది. పట్టీ ముడతపడకుండా లేచి వచ్చింది. దాని కింద ఆ అక్షరాలు, ఎండ తగలలేదేమో, మిగతా రాత కన్నా నల్లగా ఉన్నాయి. రిజిస్టరుని పెట్టెలో దాని చోట పెట్టాను. కార్డు మాత్రం తియ్యలేదు. తీస్తే సాబ్‌కి ముందే తెలిసిపోతుంది. తర్వాత ద్వారకకి ఫోన్ చేసి ఆవిడని రమ్మన్నాను. ఎందుకో చెప్పలేదు. చెప్పే ధైర్యం లేదు.

పదకొండింటికి ముఖ్య అతిథి వచ్చారు. దీపం, బొకేలు, ఫొటోలు. సాబ్ ఆయన్ని నేరుగా మా పెట్టె దగ్గరికే నడిపించారు. "సర్, ఇదే ఆ సంచలన పత్రం. నలుగురు, ఒకే రోజు, రన్!"

పెద్దాయన జేబులోంచి భూతద్దం తీసి అద్దం మీదికి వంగారు.

"ఇక్కడ ఆర్ ఒక్కటే లేదే. ఆర్.ఎన్.హెచ్. అని ఉంది" అన్నారు ఇంగ్లీషులో.

సాబ్ వంగి చూశారు. నా వైపు చూశారు. నేను పైకప్పు చూశాను, ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

సాబ్‌ని తక్కువ అంచనా వేయకండి. ఒక్క క్షణమే తడబడ్డారు. "అవును సర్. రన్, నాట్ హర్డ్ ఆఫ్. పారిపోయాడు, మళ్ళీ జాడ లేదు అని."

గదిలో కొందరు తల ఊపారు కూడా. అప్పుడు వెనక వరుసలోంచి ఒక గొంతు వచ్చింది, హిందీలో, వార్డులో అందరికీ వినబడేలా మాట్లాడే అలవాటున్న గొంతు. "హాస్పిటల్ హై, సర్. రాయల్ నేవల్ హాస్పిటల్."

జనం జరిగి దారిచ్చారు. ఆవిడ పెట్టె దగ్గరికి వచ్చి మూడో వరుస మీద అద్దం పైన వేలు పెట్టింది. "యే మేరే పితాజీ హైఁ. బుఖార్ థా." మా నాన్నగారు, జ్వరం వచ్చిందని. వేలు అలాగే ఉంచింది.

పెద్దాయన భూతద్దం ఆవిడ చేతికిచ్చారు. ఆవిడ చూసింది, చాలాసేపు. ఫొటోగ్రాఫరు కూడా ఫొటో తీయడం మర్చిపోయాడు.

సాబ్ మర్చిపోలేదు. గొంతు సవరించుకుని మైకు అందుకున్నారు. "మా సంస్థ నిరంతర పరిశోధనలో ఈ ఉదయమే బయటపడిన కొత్త సత్యం ఇది" అన్నారు. చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను.

ఆ వారంలో నాకు మెమో వచ్చింది. అనుమతి లేకుండా పత్రం నుంచి రక్షణ పట్టీని తొలగించినందుకు సంజాయిషీ అడిగారు. నిజమే, తొలగించాను. ఆ పట్టీ పెట్టించింది కూడా నేనే అని రాసిచ్చాను. పెట్టించినందుకు మాత్రం ఎవరూ సంజాయిషీ అడగలేదు. దానికి తనిఖీలో మంచి మాట వచ్చింది కదా.

ఇప్పుడు సాబ్‌కి నోటుపుస్తకం కావలసివచ్చింది. అనువాదం, జాబితా, ఏదీ అక్కర్లేదట. అడగమని ఆవిడ ఇంటికి నన్నే పంపారు. ఆవిడ కాఫీ ఇచ్చి, మొత్తం విని, నెమ్మదిగా అంది. "మా నాన్నగారు మీ చేతుల్లో ఒకసారి ఉండి చూశారు కదండీ. చాలు." జెరాక్సు కాగితాలు మాత్రం నన్నే ఉంచుకోమంది. మీరు చదివారు కాబట్టి అంది.

పుస్తకాలు మళ్ళీ అచ్చు వేయడం కుదరదన్నారు. తప్పొప్పుల చీటీ ఒకటి కొట్టించి ప్రతి కాపీలో అతికించాలని తేల్చారు. ఆ చీటీ రాయడం, అచ్చు దిద్దడం, అతికించడం నా పనే. ఒక్కో వాక్యం పదిసార్లు చదివాను. నలుగురి పేర్లూ ఇంటిపేర్లతో సహా వేసి, వీళ్ళు పారిపోలేదు, అనారోగ్యంతో ఆసుపత్రికి పంపబడ్డారు, పొరపాటుకు చింతిస్తున్నాం అని. ఉస్తాద్ జిగురు కలిపి ఇచ్చాడు. ఏ జిగురని అడగలేదు.

మొదట అతికించిన కాపీ పట్టుకుని ఆదివారం ఆరాధన అయ్యే వేళకి ద్వారక వెళ్ళాను. ఆవిడ ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టింది. కళ్ళజోడు పెట్టుకుని చీటీ చదివింది. మొదటిసారి వేగంగా, రెండోసారి అక్షరం అక్షరంగా. నేను ఎదురుగా కూర్చుని పరీక్ష రాసిన పిల్లాడిలా ఆవిడ ముఖమే చూస్తున్నాను.

"పారిపోలేదని వేశారు" అంది.

"వేశామండి."

"బావుంది." ఇంకోసారి చూసింది. "ఇంటిపేరు తప్పు పడింది తమ్ముడూ. ఇక్కడ ఒక అక్షరం తగ్గింది."

లాక్కుని చూశాను. తగ్గింది. పదిసార్లు చదివాను, పదిసార్లూ పారిపోలేదన్న మాటే చూసుకుని మురిసిపోయినట్టున్నాను. క్షమించమందామన్నా, ఇప్పటికే అచ్చు వేసిన క్షమాపణలోనే తప్పు ఉంది.

ఆవిడ కోప్పడలేదు. నవ్వింది. ఆ ఇంట్లో ఆవిడ నవ్వగా చూడటం నాకదే మొదలు. లేచి వెళ్ళి టీవీ పక్కన ఉన్న డబ్బాలోంచి పెన్ను తెచ్చింది. "పేషెంటు షీటులో తప్పు రాస్తే మేం చింపం తమ్ముడూ. కొట్టేసి నల్లగా పులమం కూడా. మొదట ఏం రాశామో అందరికీ కనబడాలి" అంది. తప్పు పడిన ఇంటిపేరు మీద ఒకే ఒక్క గీత, తిన్నగా, గీసింది. పైన సరైన పేరు రాసింది. పక్కన తేదీ, గోడ గడియారం చూసి టైము, పొడి అక్షరాల్లో తన సంతకం.

తర్వాత పెన్ను నా వైపు తిప్పింది.

"తప్పు రాసినవాళ్ళు కూడా పెట్టాలి."

పెట్టాను. మిగిలిన కాపీలన్నీ సోమవారం బైండింగు గదిలో ముందేసుకుని కూర్చుని, ఒక్కొక్కదాని మీదా అదే గీత, అదే పేరు, తేదీ, టైము, నా సంతకం.